ఆఫీసుకు వెళ్లనివాళ్ల కోసం ఇల్లు



ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే హైదరాబాద్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "పిల్లల పరీక్షలైపోయాయి. మావాడికి అక్కడ ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లో బడులు తెరిచేలోపు దిగిపోవాలి. ఏ ఏరియాలో ఇల్లు చూడమంటారు?" అని. ఆ ఫోను గుంటూరు నుంచి కావచ్చు, ఖమ్మం నుంచి కావచ్చు, పదేళ్లు బెంగళూరులో ఉండి తిరిగొస్తున్న కుటుంబం నుంచీ కావచ్చు. ఎవరడిగినా మన నోటినుంచి తడుముకోకుండా వచ్చే ఎదురుప్రశ్న ఒక్కటే: "ఇంతకీ ఆఫీసెక్కడ?"

ఆ ప్రశ్న ముందు వేయకండని చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ఎందుకంటే, ఉద్యోగం చేసే మనిషి, ఆడైనా మగైనా, ఎంత దూరమైనా ఎలాగోలా వెళ్లొస్తారు. బండి ఉంటుంది, కంపెనీ బస్సు ఉంటుంది, ఏదీ లేకపోతే క్యాబ్‌కు పెట్టుకునే స్తోమత ఉంటుంది. పైగా ఈ రోజుల్లో ఉద్యోగం ఒకచోట నిలవదు. మాదాపూర్‌లో చేరినవాళ్లు మూడో ఏడు ఉప్పల్‌లో తేలతారు. వారంలో సగం రోజులు ఇంటినుంచే పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో మిగిలేవాళ్ల సంగతి అలా కాదు. నాలుగో తరగతి పిల్ల బడి ఏటేటా మారదు. అరవై ఎనిమిదేళ్ల నాయనమ్మ బండి నడపదు. ఊళ్లో ఇరవై ఏళ్లుగా అందరినీ పేరుపెట్టి పిలిచిన ఇల్లాలికి ఇక్కడ పలకరించే మొహం ఒక్కటీ తెలియదు. కొత్త నగరంలో ఇల్లు వెతికేటప్పుడు లెక్క వీళ్లనుంచి మొదలుపెట్టాలి. మరొకరు బండి తీస్తే తప్ప కదలలేని మనిషి, ఎవరినీ అడక్కుండా ఎన్ని పనులు చేసుకోగలరు? ఆ ప్రాంతం కుటుంబానికి పనికొస్తుందా లేదా అన్నది నా మటుకు నాకు ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది.

ఈ కంటితో చూస్తే హైదరాబాద్ శివార్లు మూడు తరాలుగా కనిపిస్తాయి.

మొదటి తరం ఫ్యాక్టరీల చుట్టూ పెరిగినవి. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరుమీదే ఇవాళ ఏఎస్‌ రావు నగర్ ఉంది. అటు రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఇటు బాలానగర్ వైపు ఐడీపీఎల్, ఆ చుట్టుపక్కల పరిశ్రమలు. ఆనాటి ఉద్యోగికి సైకిలో స్కూటరో తప్ప కారు లేదు. అందుకని బడి, ఆసుపత్రి, మార్కెట్టు, గుడి అన్నీ కాలినడకన అందేలా ఊరు అల్లుకుంది.

రెండో తరం హౌసింగ్ బోర్డు కాలనీలు, ప్రభుత్వోద్యోగుల కాలనీలు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, అంటే మనందరం పిలిచే కేపీహెచ్‌బీ, వనస్థలిపురం లాంటివి. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అంటూ జీతాన్నిబట్టి ఇళ్లు కట్టి, మధ్యలో పార్కులకూ బడులకూ స్థలం వదిలారు.

మూడో తరం 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మొదలైంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ నిండిపోయాయి. ఆ తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. దాని వెంబడి నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్. ఉత్తరాన బాచుపల్లి, కొంపల్లి. ఇవి కార్లున్న కాలంలో, కార్లున్నవాళ్ల కోసం లేచిన ఊళ్లు.

ఏది మంచిది అంటే ఒక్క మాటలో చెప్పలేం. కానీ తేడా మాత్రం నడిస్తేనే తెలుస్తుంది. కేపీహెచ్‌బీలో ఒక పాత వీధి తీసుకోండి. ఒకనాటి ఎల్ఐజీ ఇల్లు ఇప్పుడు మూడంతస్తులైంది. కింద జిరాక్సు షాపు, పక్కన బ్లౌజులు కుట్టే టైలరు, మేడమీద లెక్కల ట్యూషను, మూలమీద ఇడ్లీబండి, దానెదురుగా మందుల షాపు. బండి పెట్టుకోడానికి చోటుండదు, ఆ విషయంలో ఇరుగుపొరుగు తగువులు రోజూ ఉండేవే. మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉండటంతో ఎండ కిందికి దిగదు. ఇన్ని ఉన్నా, ఆ వీధిలో పదేళ్ల పిల్లాడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టి కొత్తిమీర తెమ్మంటే తెస్తాడు. తాతగారు బీపీ మాత్రలు తనే కొనుక్కొస్తారు. ఇల్లాలు సాయంత్రం రైతుబజారుకు పొరుగింటావిడతో నడిచి వెళ్లొస్తుంది.

ఇప్పుడు ఔటర్ పక్కన కొత్తగా లేచిన గేటెడ్ కమ్యూనిటీకి రండి. లోపల అంతా ముచ్చటగా ఉంటుంది. ఈతకొలను, క్లబ్‌హౌసు, చెట్ల మధ్య నడకదారి. చిన్నపిల్లలకు ఇది స్వర్గమే, కాదనను. కారు హారను వినబడకుండా సాయంత్రం ఏడింటిదాకా ఆడుకుంటారు. పెద్దవాళ్లకూ పొద్దున్న నడవడానికి హాయి. ఇక ఆ గేటు దాటి నాలుగడుగులు వేసి చూడండి. వంద అడుగుల రోడ్డు ఉంటుంది, దాని పక్కన ఫుట్‌పాత్ ఉండదు. కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గొయ్యి, ఇసుక టిప్పర్లు, అవతలివైపు ఇంకా పునాదుల్లో ఉన్న మరో టవరు. పెరుగు ప్యాకెట్టు కావాలన్నా ఫోనులో ఆర్డరు పెట్టాల్సిందే. పిల్లలకు ఏడెనిమిదేళ్లున్నంత కాలం ఈ లోటు తెలియదు. వాళ్లకు పద్నాలుగు వచ్చి ట్యూషనుకనో, స్నేహితుడి ఇంటికనో, లైబ్రరీకనో బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు తల్లో తండ్రో డ్రైవరుగా మారిపోతారు. అందుకే ఇల్లు చూసేటప్పుడు పిల్లలకు ఇప్పుడున్న వయసుతో పాటు, అయిదేళ్ల తర్వాత రాబోయే వయసు కూడా మనసులో పెట్టుకోవాలి.

నగరానికి కొత్తగా వచ్చేవాళ్లు తమకు తెలియకుండానే పాటించే సూత్రం ఇంకొకటుంది. సొంతూరి రోడ్డు నగరంలోకి ఎటునుంచి వస్తుందో చాలామంది ఆ చివరే ఉండిపోతారు. విజయవాడ హైవే ఎల్బీనగర్ దగ్గర నగరంలోకి వస్తుంది. సూర్యాపేట, నల్లగొండ వాళ్లు వనస్థలిపురం, హయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఎక్కువ కనిపిస్తారు. వరంగల్ రోడ్డు ఉప్పల్ మీదుగా వస్తుంది; అక్కడా బోడుప్పల్‌లోనూ వరంగల్, జనగామ వాళ్లు ఎక్కువ. కరీంనగర్ నుంచి వచ్చే రాజీవ్ రహదారి అల్వాల్ వైపు. దసరాకు బస్సెక్కడం తేలిక, ఊళ్లో అమ్మకు బాగాలేదంటే అర్ధరాత్రి బయల్దేరడం తేలిక. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, మంచి ఆలోచనే. ఈ లెక్కకు అందనిది కూకట్‌పల్లి. కోస్తా నుంచి వచ్చే దారి నగరానికి ఆ చివర ఉంటే, కోస్తావాళ్లు పోగుబడింది ఈ చివర. మొదట వచ్చినవాళ్లు ఇక్కడ దిగారు, తర్వాతివాళ్లు వాళ్ల మాటమీద వచ్చారు. ఇప్పుడు సంక్రాంతికి ఊరెళ్లే ప్రైవేటు బస్సులే కేపీహెచ్‌బీ, మియాపూర్ రోడ్ల మీదికి వచ్చి ఎక్కించుకుంటున్నాయి.

ఇక బడి సంగతి. మంచి బడి అనగానే ర్యాంకుల హోర్డింగులు చూస్తాం. అంతకన్నా ముందు చూడాల్సింది బస్సు ఎన్నింటికి వస్తుందన్నది. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నిబంధనల్లో అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నారు. పిల్లల కాళ్లకు ఎంత దూరం తగునో ఆలోచించి పెట్టిన కొలత అది. మనమేమో ప్రైవేటు బడి మోజులో పదిహేను కిలోమీటర్ల బస్సు ప్రయాణానికి కూడా తలూపేస్తాం. ఆరున్నరకు లేపి, నిద్రకళ్లతో పాలు తాగించి, ఏడుంబావుకు గేటు దగ్గర నిలబెట్టిన పిల్లను సాయంత్రం అయిదింటికి చూస్తాం. ఆ పిల్ల ఆటకు మిగిలేది ఎంత? అందుకని ముందు బడి, దాని తర్వాతే ఇల్లు. సీటు ఖాయమైన బడికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఇల్లు వెతకండి.

వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, తెలంగాణలో 2018లో వచ్చిన చట్టంతో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లో సహా తెలుగు బోధన తప్పనిసరి అయింది. బెంగళూరులో కన్నడం చదివిన మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారే గాని, గుణింతాలు రావు. బడి వాళ్లను ఆరో తరగతిలో నేరుగా కూర్చోబెడుతుందా, విడిగా నేర్పే ఏర్పాటు ఏమైనా ఉందా, చేర్చేముందే అడగండి.

రెండోది ఇంకా బరువైనది. వృత్తివిద్యా కోర్సుల్లో స్థానికత. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న ఈ పద్ధతిలో, అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది ప్రధానమైన లెక్క. ఇంటర్ తర్వాత చేరే కోర్సులకు అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసిపోయింది. అంచేత పిల్లాడు పదో తరగతిలో ఉండగా కుటుంబం విజయవాడ నుంచి హైదరాబాద్‌కు, లేదా హైదరాబాద్ నుంచి విజయవాడకు మారితే ఎటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఎనిమిది లోపే మారడమో, ఇంటర్ అయ్యేదాకా ఆగడమో మేలు. ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదువుకుని నిర్ణయించుకోండి. ఇంటి అద్దె బేరంలో వెయ్యి తగ్గించుకోడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా దీనిమీద పెట్టాలి.

బడి తర్వాత నీళ్లు. ఇల్లు చూపించే ఓనరును "నీళ్లెలా ఉన్నాయండీ?" అని అడిగితే, "ఇరవై నాలుగ్గంటలూ వస్తాయండీ" అంటారు. అబద్ధమేమీ కాదు. పైన ట్యాంకు నిండి ఉన్నంతసేపూ కొళాయి తిప్పితే వస్తాయి. కింద సంపు దేనితో నిండుతోందన్నది అసలు ప్రశ్న. అది ఓనరును కాదు, వాచ్‌మన్‌ను అడగాలి. జలమండలి, అంటే నగర నీటి బోర్డు, కనెక్షన్ ఉందా? ఎన్ని రోజులకోసారి వదులుతారు, ఎంతసేపు? బోరు ఎన్ని అడుగుల్లో ఉంది, పోయిన వేసవిలో ఆగిపోయిందా? ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగాయి? ఆ డబ్బు నెలవారీ మెయింటెనెన్సులోనే పోతుందా, ఫ్లాటుకింత అని విడిగా వసూలు చేస్తారా? లిఫ్టు పక్కన అసోసియేషన్ వాళ్లు అంటించిన కాగితం మీద ట్యాంకర్ల పద్దు చాలాసార్లు కనిపిస్తుంది. అద్దె అగ్రిమెంటుకన్నా ముందు ఆ కాగితం చదవండి.

నగరం తాగే నీళ్లు చాలా దూరం నుంచి వస్తాయి. ఒకప్పుడు ఎక్కువగా మంజీరా మీద ఆధారపడిన నగరానికి 2004లో కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం వైపు నుంచి, 2015లో గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి అందాయి. ఆ పైపులు పాత కాలనీల్లోకి ముందు వెళ్లాయి, ఔటర్ వెంబడి లేచిన వెంచర్లకు ఆలస్యంగా చేరాయి. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది, దానికి కనెక్షనూ మీటరూ ఉండాలి. ట్యాంకరు మీద బతికే అపార్ట్‌మెంటుకు ఆ లాభం దక్కదు. రెండు ఇళ్ల అద్దెలు పోల్చేటప్పుడు ఈ తేడా కూడా కూడి చూడండి.

తాగే నీళ్ల తర్వాత ముంచే నీళ్లు. హైదరాబాద్ చుట్టూ ఉన్న చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే అలుగు పారి, కాలువ వెంట కింది చెరువులోకి వెళ్లాలి. కాలువ మూసి ఇళ్లు కట్టాక కూడా నీళ్లు ఆ దారినే వెతుక్కుంటాయి. 1908 మూసీ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి నదిని ఆపగలవు గాని, వీధి మధ్యలో పూడిపోయిన నాలాను ఆపలేవు. 2000 ఆగస్టు వానలు ఆ పాఠమే చెప్పాయి. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారి లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు మునిగి జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. 2020 అక్టోబరులో మీర్‌పేట, సరూర్‌నగర్ ప్రాంతాల నుంచి టోలిచౌకి నదీం కాలనీ దాకా ఎన్నో కాలనీలు మునిగాయి. కొన్నిచోట్ల నీళ్లు రోజుల తరబడి తీయలేదు. ఆ ఇళ్లలో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉంది, కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది. వాన వాటిని చూడదు.

మరి కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది? ప్రహరీ గోడలు చూడండి. సున్నం మీద, నేలకు రెండు మూడడుగుల ఎత్తున, వీధి పొడవునా ఒకే మట్టంలో సాగే గోధుమరంగు చార కనిపిస్తే అది వరద వదిలిన గీత. గడపలు వీధికన్నా బాగా ఎత్తుగా కట్టుకున్నారా, సెల్లారు దిగే చోట ఇటుకలతో అడ్డుకట్ట కట్టారా, గేటు పక్కన ఇసుక బస్తాలున్నాయా, ఇవన్నీ మాట్లాడతాయి. మూలమీద పాత కిరాణా షాపు ఉంటే, సబ్బుల పెట్టెలు కింది అరలో పెట్టాడా, పై అరలోకి మార్చాడా గమనించండి. చెరువు పక్కన కొనాలనుకునేవాళ్లు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం గీత, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్ తప్పక కనుక్కోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ రెండు మాటలూ నగరంలో ఇంటింటా వినబడుతున్నాయి. లేక్ వ్యూ అని ఎక్కువ రేటు చెప్పారంటే సంతోషించే ముందు, ఆ చెరువు నిండితే మన ఇంటినుంచి ఎంత దగ్గరగా కనిపిస్తుందో అడగండి.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్, ఇవీ మూడు దారులు. స్టేషనుకు రెండు కిలోమీటర్లని ప్రకటనల్లో వేస్తారు. ఆ రెండు కిలోమీటర్లకు షేర్ ఆటో ఉందా, రాత్రి తొమ్మిదింటికి కూడా దొరుకుతుందా అన్నది ప్రకటనలో ఉండదు. లింగంపల్లి, మేడ్చల్ లాంటి చోట్లకు ఎంఎంటీఎస్ రైలుంది, చవకే, రైళ్ల మధ్య ఎడం ఎంతో చూసుకోవాలి. ఇక 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం. ఇంట్లో ఆడవాళ్ల కదలికను ఇది చాలా మార్చేసింది. ఒకప్పుడు ఆటో ఖర్చు చూసి ఆగిపోయినవాళ్లు కోఠికి, చార్మినార్‌కు వాళ్లంతట వాళ్లే వెళ్లొస్తున్నారు. బస్టాపు నడిచే దూరంలో ఉన్న ఇంటి విలువ ఆ మేరకు పెరిగినట్టే. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: ఈ వీలు తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే, ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో చిరునామా మారేదాకా మీరు టికెట్ కొనాల్సిందే, కనుక ఇంట్లో దిగగానే ఆ పని చూసుకోండి.

వైద్యం విషయంలో పెద్ద ఆసుపత్రి ఎంత దూరమన్నది ఎప్పుడో ఒకసారి వచ్చే ప్రశ్న. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరమొస్తే తెరిచి ఉండే మందుల షాపు, పిలిస్తే పలికే వీధి డాక్టరు, షుగరు చూయించుకోడానికి పెద్దాయన నడిచి వెళ్లగల చోటు, ఇవి నెల నెలా వచ్చే ప్రశ్నలు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఓపీ, మందులు, రక్త పరీక్షలు అన్నీ ఉచితం. బస్తీ పేరు చూసి అది మనకు కాదనుకునే మధ్యతరగతివాళ్లున్నారు. ఆ బింకం పెట్టుకోనక్కర్లేదు.

మనుషుల గురించి కూడా మాట్లాడుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మనల్ని ప్రశ్నలడుగుతారు కదా, ఆ ప్రశ్నల్లోనే ఆ ఇంటి వాతావరణం తెలిసిపోతుంది. "ఎంతమంది ఉంటారు, ఎక్కడ పనిచేస్తారు" అంటే సరే. "మీరేవిట్లు?" అని మొదటి మాటే కులం దగ్గరికొస్తే, లేకపోతే తిండి దగ్గరికొస్తే, ఆ ఇంట్లో మీ పిల్లలు పొరుగింటికి ఆడుకోడానికి వెళ్లినప్పుడు కూడా అదే ప్రశ్న ఎదురవుతుంది. "చుట్టాలు ఎక్కువ వస్తారా?" అని అడిగే ఓనర్లూ ఉన్నారు. కొత్త నగరంలో మన ఇంటికి మొదటి ఏడాది చుట్టాలు రాకుండా ఎలా ఉంటారు? కౌన్సెలింగ్‌కొచ్చే మేనల్లుడు, కంటి ఆపరేషన్‌కొచ్చే పెద్దమ్మ, ఊరికే చూసిపోదామని వచ్చే తోడల్లుడు. నీళ్ల లెక్క చెప్పి చుట్టాల్ని వద్దనే ఇల్లు ఎంత చవకైనా మనది కాదు.

వీధి భద్రత కొలవడానికి సీసీ కెమెరాలు లెక్కపెట్టక్కర్లేదు. రాత్రి తొమ్మిది గంటలకు వెళ్లి చూడండి. ఇస్త్రీ బండి ఇంకా ఉందా? పానీపూరీ దగ్గర ఆడపిల్లలు నిలబడి తింటున్నారా? ట్యూషను నుంచి పిల్లలు సైకిళ్ల మీద వస్తున్నారా? ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు అరుగుల మీదో ప్లాస్టిక్ కుర్చీల్లోనో కూర్చున్నారా? దీపాలున్నా మనిషి లేని వీధికన్నా ఈ వీధి నయం.

ఇన్ని చూసినా ఒక చూపుతో ఏ ప్రాంతమూ అర్థం కాదు. అందుకని కొనాలనే తొందర మొదటి ఏడాది వద్దు. ఒక వానాకాలం, ఒక వేసవి అద్దెకుండి చూడండి. జూలైలో రోడ్డు ఎలా ఉందో, మే నెలలో కొళాయి ఎలా ఉందో తెలిశాక అప్పుడు బేరమాడండి. కొత్త కట్టడమైతే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు అడగండి. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లు మించిన కట్టడంలో గాని రెరాలో నమోదు కాకుండా ప్రకటనలివ్వడం, అమ్మడం, డబ్బు తీసుకోవడం కుదరదు. ప్రీ లాంచ్ ఆఫరనీ, ఇవాళ కడితే గజానికింత తగ్గిస్తామనీ ఎవరు ఊరించినా నంబరు చూపించమనండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఎవరికో కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలు ఈ నగరంలో తక్కువేమీ లేవు.

అన్నీ కలిసొచ్చే చోటు దొరకదు, ఆ మాట ముందే అనుకుందాం. బడి దగ్గరైతే అద్దె ఎక్కువ, నీళ్లు బాగుంటే ఇల్లు ఇరుకు, మెట్రో పక్కనైతే రొద. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. అప్పుడు ఎవరి సుఖం వదులుకోవాలన్నదే ప్రశ్న. సంపాదించే మనిషి రోజుకు అరగంట ఎక్కువ ప్రయాణం చేస్తే ఇంట్లో ముగ్గురు రోజంతా ఎవరి పని వాళ్లు చేసుకోగలరంటే, ఆ అరగంట పెట్టడం న్యాయమే. కొందరికి అది కూడా కుదరదు. ఆఫీసు పన్నెండు గంటల పని, ఇంటికొచ్చాక పిల్లల్ని చూసేదీ ఆ మనిషే. అలాంటప్పుడు దగ్గరుండటమే కుటుంబానికి మేలు. మీ ఇంట్లో సంగతి మీకే తెలుసు. కాకపోతే ఆ నిర్ణయం ఒక్కరు లాప్‌టాప్‌లో మ్యాపు చూసి తీసుకోకుండా, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుని తీసుకోండి.

ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, ఓనరు రెండు నెలల అడ్వాన్సు అడిగారు. ఫోన్‌పే తీసేముందు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో అందరికన్నా తక్కువ బయటికి వెళ్లే మనిషి ఎవరో చూడండి. అమ్మమ్మ కావచ్చు, పదకొండేళ్ల పాప కావచ్చు. అరకిలో టమాటాలు తెమ్మనో, మందుల షాపు ఎక్కడుందో చూసి రమ్మనో ఆ వీధిలోకి పంపండి. పాపైతే కనుచూపు మేరలో మీరుండండి. తిరిగొచ్చాక వాళ్లేమంటారో వినండి. బ్రోకరు మాటా, నా మాటా ఆ తర్వాతే.